గోధుమ పడని కడుపు

రైతునకు గింజయే ధనము. గాదె నిండియున్న నింటికి దిగులు లేదని మనవారి నమ్మకము. అట్టి ధాన్యములలో నొకటి, లోకమున కోట్లకొలది జనులకు బలము నిచ్చునది, కొందఱి కడుపున బడినచో ప్రేగులను పాడుచేయునన్న మాట మొదట వినువారికి నమ్మశక్యముగా నుండదు. ఆ ధాన్యము గోధుమ. ఆ వ్యాధి పేరు సీలియాక్ వ్యాధి. వ్యవసాయ విషయములు వ్రాయు నీ పత్రికలో వైద్య ప్రస్తావన యేల యని మా సభ్యు లడుగవచ్చును. ఈ వ్యాధిని కుదుర్చు మందు మందుల యంగడిలో లేదు. దీనికి మందు మన పొలములలో పండు వరి, జొన్న, రాగి, కొఱ్ఱలే. ఆ మందు రోగి నోటికి చేరులోపల గోధుమ కలిసి చెడకుండ కాపాడవలసినవారును మనమే. అందువలన దీనిని సంఘ విషయముగానే తలచి వ్రాయుచున్నాము.

ఇట్టి యొక గృహము నూహింపుడు. రెండేండ్ల బిడ్డ. తల్లిపాలతోబాటు రవ్వజావయు, రస్కులును, పాలలో నానిన చపాతీయు నలవాటు చేసిన కొన్ని నెలలకు బిడ్డకు విరేచనములు పట్టుకొన్నవి. రెండు దినములు తగ్గును, నాలుగు దినములు మరల వచ్చును. కడుపు ముందుకు ఉబ్బినది, కాలుసేతులు పుల్లలైనవి, ముఖమున పాలిపోయిన తెలుపు కనబడుచున్నది. తోటిపిల్లలు ఎదుగుచుండ ఈ బిడ్డ చొక్కాలు పోయిన యేటివే సరిపోవుచున్నవి. దిష్టి తీసిరి, నులిపురుగులకు మందు పోసిరి. బలము చాలదని ఇరుగుపొరుగువా రనగా, తల్లి ఇంకొక చపాతీ పెట్టును, బార్లీ నీరు కాచి పోయును. బలమునకై పెట్టునదియే బిడ్డను కృశింపజేయుచున్నదని ఆ తల్లి కెట్లు తెలియును? ఇది తల్లి లోపము గాదు. తెలిపినవారు లేకపోవుటయే లోపము.

వ్యాధి యెట్లు కలుగును

గోధుమపిండిని ముద్దగా కలిపి నీటిధారక్రింద పిసుకుచుండినచో, తెల్లని పిండిపదార్థము కొట్టుకొనిపోయి, సాగెడు జిగురుముద్ద యొకటి చేతిలో మిగులును. ఈ జిగురునకు గ్లూటెను అని పేరు. చపాతీ చినుగక సాగుటయు, బ్రెడ్డు పొంగుటయు దీనివలననే. బార్లీలోను, చలిదేశములలో పండు రై యను ధాన్యములోను ఇట్టి పదార్థమే కలదు. వరియందును, మన చిరుధాన్యములందును ఈ హాని చేయు జిగురు లేదు.

మన చిన్నప్రేగు లోపలివైపున సన్నని మొలకలవంటివి అసంఖ్యాకముగా నుండును. వీనిని ఆంత్రచూషకములందురు. వరినారు పోసిన మడిని తలచుకొనుడు. అంత ఒత్తుగా నుండి, అఱిగిన యాహారములోని సారమును ఇవి పీల్చి రక్తమున కందించును. సీలియాక్ వ్యాధి గలవారి దేహము గ్లూటెనును శత్రువుగా భావించును. ఆ శత్రువుతో చేయు పోరాటమున తన ప్రేగునే గాయపఱచుకొనును. గొఱ్ఱెలు మేసిన నారుమడివలె చూషకములు మొదలంట అణగిపోవును. అప్పుడెంత తినినను సారము ఒంటబట్టదు. కంచము నిండుగానే యుండును, మనిషి మాత్రము ఎండిపోవుచుండును.

ఇది అంటువ్యాధి గాదు. ఒకరి యెంగిలివలన మఱియొకరికి రాదు. పుట్టుకతో వచ్చు లక్షణముగలవారికే ఇది కలుగును. ఆ లక్షణము జనులలో నూటికి ముప్పదిమందికి మించి యుండినను, వ్యాధి మాత్రము వారిలో కొలదిమందికే వచ్చును. ఒకరికి వ్యాధి యున్నదని తేలినచో వారి తల్లిదండ్రులకును, తోబుట్టువులకును, బిడ్డలకును పరీక్ష చేయించుట మంచిది. అట్టి దగ్గఱి రక్తబంధువులలో నూటికి సుమారు 7 మొదలు 10 మంది వఱకు ఈ వ్యాధి కనబడుచున్నది.

కడుపు చెప్పు గుఱుతులు

నెలలతరబడి విడువని విరేచనములు మొదటి గుఱుతు. మలము పాలిపోయిన రంగుతో, విస్తారముగా, దుర్గంధముతో, నూనెజిడ్డు గలిగి యుండవచ్చును. కడుపుబ్బరము, వాయువు, నొప్పి, వాంతి, ఆకలి మందగించుట తఱచు కనబడును. కొందఱికి విరేచనములకు బదులు మలబద్ధకమే యుండును. కొందఱికి కడుపులో బాధయే తెలియదు. రక్తహీనతయు, ఇనుపధాతువు మాత్రలకు లొంగని నీరసమును, ఎముకల నొప్పులును, నోటిపూతయు, పిల్లలలో ఎదుగుదల ఆగిపోవుటయు మాత్రమే వ్యాధిని తెలుపును. మోచేతులపైని మోకాళ్లపైని దురదతోగూడిన పొక్కులు కొందఱికి వచ్చును. సంతానము కలుగకపోవుటకును, గర్భము నిలువకపోవుటకును కొన్నియెడల ఇది కారణమగును.

మన పెద్దలు విడువని విరేచనముల నన్నిటిని గ్రహణి యనుచుండిరి. గ్రహణికి కారణము లనేకములు. చెడునీటి క్రిములు, పురుగులు, ప్రేగుల క్షయ, ఉష్ణదేశములందు వచ్చు స్ప్రూ యను వ్యాధి, ఇవన్నియు మన యొద్ద గలవు. కావున విరేచనము లైన ప్రతివారికిని సీలియాక్ వ్యాధి యని తలచరాదు. ఐనను దీనిని మఱచిపోరాదు.

గోధుమయే కారణమని తెలిసిన విధము

ఈ వ్యాధి నేటిది గాదు. ఇంచుమించు క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అరెటేయస్ అను గ్రీకు వైద్యుడు, తినినది జీర్ణము గాక చిక్కిపోవువారిని గూర్చి వ్రాసెను. ఆయన వాడిన, కడుపునకు సంబంధించినదను అర్థముగల గ్రీకు మాటనుండియే నేటి పేరు వచ్చినది. 1887లో లండను నగరమునందలి గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల యాసుపత్రిలో సామ్యూల్ జీ యను వైద్యుడు దీనిపై ఉపన్యసించి, మఱుసటి సంవత్సరము వ్యాసము ప్రకటించెను. ఇది కుదురునదే యైనచో పథ్యముచేతనే కుదురవలెనని ఆయన గ్రహించెను. కాని యేది పథ్యమో ఆయనకు పూర్తిగా తెలియదు. వరియన్నమును సయితము ఆయన నిషేధించెను. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అను వైద్యుడు పిల్లలకు అరటిపండ్లు ముఖ్యాహారముగా నిచ్చి మేలు చూపెను. నిజమునకు మేలు చేసినది అరటిపండు గాదు, రొట్టె తినకపోవుట. ఆ సంగతి అప్పుడెవరికిని తోచలేదు.

గోధుమను పట్టుకొన్నవాడు హాలండు దేశమునందలి హేగ్ నగరపు పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డిక్కె. 1930 తరువాతి సంవత్సరములలోనే ఆయనకు గోధుమపై సంశయము కలిగెను. పిమ్మట 1944-45 శీతకాలమున, జర్మనుల యాక్రమణలో నున్న ఆ దేశపు పశ్చిమ భాగమున ఘోరమైన కఱవు వచ్చెను. రొట్టె కఱవయ్యెను. ఊరంతయు ఆకలితో నలమటించుచుండగా, ఈ వ్యాధిగల పిల్లలు మాత్రము మునుపటికంటె నెమ్మదించిరి. రొట్టె మరల దొరకినంతనే వారి బాధయు మరల వచ్చెను. డిక్కె తన పరిశీలనలను 1950లో సిద్ధాంత వ్యాసముగా వెలువఱచెను. వాన్ డి కామర్, వైయర్స్ అను సహచరులతో గూడి, మలములో పోవు క్రొవ్వును కొలిచి, హాని గోధుమలోని గంజిపదార్థమున లేదనియు, గ్లూటెనులోనే కలదనియు 1953లో ప్రకటించిరి. కఱవులో కనబడిన సత్య మిట్లు శాస్త్రమయ్యెను.

మన దేశమున దీని వ్యాప్తి

ఇది తెల్లవారి వ్యాధి యని చాలకాలము తలచిరి. అది తప్పని తేలినది. మన దేశమున మూడు ప్రాంతములలో 23,331 మంది ఆరోగ్యవంతులైన పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధనలో, వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు ఉత్తరమున నూటికి 1.23 మందికిని, ఈశాన్యమున 0.87 మందికిని, దక్షిణమున 0.10 మందికిని కనబడినవి. పుట్టుకతో వచ్చు లక్షణము మాత్రము మూడుచోట్లను ఇంచుమించు సమానమే; ఉత్తరమున నూటికి 38, దక్షిణమున 36. భేద మెక్కడ నున్నది? ఉత్తరమున మనిషి దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినుచుండగా, దక్షిణమున 25 గ్రాములే తినుచుండెను.

ఈ లెక్క మనము ఆలోచింపదగినది. మన రక్తమున లక్షణ మున్నది. మన కంచమున గోధుమ తక్కువగుటచే అది నిద్రించుచున్నదని తలపవచ్చును. ఇప్పుడు మన కంచము మాఱుచున్నది. మధుమేహమని రాత్రులు అన్నము మాని చపాతీ తినువారు ప్రతి యూరను గలరు. ఉదయమున ఉప్మా, పూరీ. బడినుండి వచ్చిన పిల్లలకు బిస్కెట్లు. ఉద్యోగమునకై ఉత్తరాదికిని విదేశములకును పోయిన మన బిడ్డలు రెండుపూటలు రొట్టెయే తినుచున్నారు. వ్యాధి దక్షిణమున అరుదు గనుక వైద్యునకును త్వరగా తోచకపోవచ్చును. కావున పైని చెప్పిన గుఱుతులు విడువక యుండినచో, దీనికి పరీక్ష చేయవలయునా యని మనమే వైద్యు నడుగుట మంచిది.

వ్యాధి లేనివారు గోధుమను చూచి భయపడ నక్కఱలేదు. వారికి గోధుమ మంచి యాహారమే.

ముందు పరీక్ష, తరువాత పథ్యము

ఇచ్చట నొక ముఖ్యవిషయము. సంశయము కలిగినంతనే గోధుమ మానరాదు. మానినచో రక్తములోని ప్రతిరక్షకములు క్రమముగా తగ్గిపోయి, ప్రేగు కొంత మానుకొని, వ్యాధి యున్నను పరీక్షలో కనబడకపోవచ్చును. గోధుమ తినుచుండగానే రక్తపరీక్ష చేయించుకొనవలెను. అందు సూచన కనబడినచో, వైద్యుడు ఎండోస్కోపీ గొట్టముద్వారా చిన్నప్రేగు మొదటి భాగమునుండి చిన్న తునుకలు తీసి పరీక్షింపజేయును. నిర్ణయమైన పిమ్మటనే పథ్యము మొదలుపెట్టవలెను. ఈ పథ్యము పది దినములకో, మండలమునకో గాదు, జీవితాంతము. అంతటి నియమమునకు నిశ్చయమైన కారణ ముండవలెను గదా.

పథ్యము సరిగా నడచినచో చాలమందికి కొన్ని వారములలోనే విరేచనములు కట్టును, ఆకలి పుట్టును. పిల్లలు త్వరగా తేఱుకొందురు. పెద్దల ప్రేగు పూర్తిగా మానుటకు ఏడాదియు, అంతకుమించియు పట్టవచ్చును.

తినదగినవి, మానదగినవి

తినదగినవాని పట్టిక మన యూళ్లలో పెద్దదే. వరియన్నము, అటుకులు, మరమరాలు, బియ్యపురవ్వ ఇడ్లీ, దోసె, జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగిసంకటి, అంబలి, కొఱ్ఱ, సామ, అరిక, వరిగ, ఊద అన్నములు, మొక్కజొన్న, సగ్గుబియ్యము, కంది, పెసర, మినుము, శనగ, కూరలు, పండ్లు, గ్రుడ్లు, చేపలు, మాంసము, పాలు, పెరుగు, నెయ్యి, నువ్వులు, వేరుసెనగ, బెల్లము. చోళ్లని కొందఱు, తైదలని కొందఱు పిలుచు రాగులు 100 గ్రాములలో 340 మిల్లీగ్రాములకు మించిన సున్నపుధాతు వున్నది. సజ్జలలో ఇనుపధాతువు మెండు. సారము పీల్చలేక ఎముకలు బలహీనమై, రక్తము తగ్గిన రోగికి ఇంతకంటె తగిన ధాన్యములేవి?

మానదగినవి: గోధుమపిండి, మైదా, గోధుమరవ్వ, బొంబాయిరవ్వ, గోధుమ సేమియా, బ్రెడ్డు, రస్కులు, బిస్కెట్లు, పరోటా, మైదా కాజాలు, బొబ్బట్లు, బార్లీ, బార్లీతో చేసిన మాల్టు పొడులు. జ్వరము వచ్చినవారికి బార్లీ నీరు కాచి పోయుట మన యిండ్లలో వాడుక. ఈ రోగికి అదియు కూడదు. ఓట్స్ అను ధాన్యము చాలమందికి పడునుగాని, అంగడిలో దొరకు దానిలో గోధుమ కలిసియుండుట తఱచు. వైద్యు నడుగకుండ వాడరాదు.

కంటికి కనబడని గోధుమయే యెక్కువ ప్రమాదము. ముద్ద యింగువలోను, ఇంగువపొడిలోను మైదా కలుపుట కలదు. పప్పు, చారు, ఊరగాయ, పులిహోరల ద్వారా అది ప్రతిదినము లోపలికి పోవును. పూరీలు వేగిన నూనెలోనే గారెలు వేసినచో ఆ గారెలు రోగికి పనికిరావు. చపాతీలు ఒత్తిన పీటపై జొన్నరొట్టె తట్టినను దోషమే. సత్యనారాయణవ్రతపు రవ్వ ప్రసాదమును, అన్నవరపు గోధుమనూక ప్రసాదమును రోగి కన్నుల కద్దుకొని ఇంటివారి కిచ్చినచో భక్తికి లోపము లేదు. పండుగనాడు బొబ్బట్టు వలదనుట పసిబిడ్డకు కష్టమే. ఆనాడు ఇంటిల్లిపాదికి అరిసెలు, సున్నుండలు, చక్కెరపొంగలి చేసికొన్నచో, బిడ్డ యొక్కడే వేఱు పంక్తిలో కూర్చుండ నక్కఱ యుండదు.

పథ్యమున్నను బాధ తగ్గనిచో

కొందఱు ఎంత జాగ్రత్తగా నున్నను కడుపుబ్బరమో, విరేచనములో విడువవని చెప్పుదురు. అప్పుడు మొదట వెదకవలసినది దాగియున్న గోధుమనే. ఇంగువ, మాల్టు, పిండిమర, పక్కింటివా రిచ్చిన పిండివంట, బడిలోని తినుబండారము, అంగన్‌వాడీలో ఇచ్చు పిండి, వీని నొక్కొక్కటిగా విచారింపవలెను.

అది కాదని తేలినచో పాలను చూడవలెను. ప్రేగు గాయపడియున్నంతకాలము పాలలోని చక్కెర సరిగా జీర్ణము గాక ఉబ్బరమును, నీళ్లవిరేచనములును కలిగించును. అట్టివారు కొన్ని నెలలు పాలు తగ్గించి పెరుగు, మజ్జిగ కొలదిగా పుచ్చుకొన్నచో తఱచు సరిపడును. ప్రేగు మానిన పిమ్మట పాలు మరల పడవచ్చును. గోధుమ మాని తెల్లని బియ్యమే తినువారికి పీచు చాలక మలబద్ధకము కలుగును. వారికి చిరుధాన్యములు, ఆకుకూరలు, పప్పులు మేలు. ఐనను ఒక్కసారిగా గాక, కొంచెము కొంచెముగా పెంచి, నీరు బాగుగా త్రాగవలెను. ఇవన్నియు చేసినను తగ్గనిచో, ప్రేగులో క్రిములు పెరుగుటయు, ఇతర వ్యాధులును ఉండవచ్చును గనుక మరల వైద్యుని చూడవలెను. మలమున రక్తము కనబడినను, బిడ్డ వడలి మూత్రము తగ్గినను ఒక్కదినమైనను ఆలస్యము చేయరాదు.

సంఘములు చేయదగిన పని

ఇక మన కర్తవ్యము. దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెను మూడు నెలలు లోపలికి పోయినను ఈ రోగుల ప్రేగునకు హాని కలుగుచున్నదని 2007లో ప్రకటించిన పరీక్షవలన తెలిసినది. ఇది యెంత? గోధుమగింజ సుమారు 40 మిల్లీగ్రాముల బరువు. దానిలో గ్లూటెను ఇంచుమించు 4 మిల్లీగ్రాములు. అనగా పండ్రెండు, పదమూడు గింజలు! గ్లూటెను లేనిదని చెప్పి అమ్ము నాహారమున కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ఆహార నిబంధన. కిలో జొన్నపిండిలో ఆఱు గోధుమగింజలు నలిగినను ఆ హద్దు దాటును. గోధుమ పోసిన గోనెసంచిలో రాగులు పోయుటయు, గోధుమ ఆడించిన మరలోనే వెంటనే జొన్నలు ఆడించుటయు మనకు చిన్నవిషయములు. రోగికి అవియే సర్వము.

కావున మా సూచన లివి. చిరుధాన్యములకు సంఘములు క్రొత్త సంచులు గాని, వానికే గుఱుతువేసిన సంచులు గాని వాడవలెను. గిడ్డంగిలో గోధుమను వేఱుమూల నుంచవలెను. రెండు మరలున్న సంఘము ఒకదానిని గోధుమ తగులని మరగా నియమించినచో, చుట్టుపట్ల యూళ్ల రోగులకు మహోపకారము. ఒకే మర యున్నచోట, ముందొక గింజ ఆడించి పాఱబోసినంతమాత్రమున మర శుద్ధియైనదని నమ్మి రోగికి పిండి యీయరాదు. గోధుమ యెన్నడును విసరని తిరగలితో ఇంటనే విసరుకొనుటకు చెప్పవలెను. పరీక్ష చేయింపక సంచిపై గ్లూటెను లేదని వ్రాయరాదు. అబద్ధపు చీటీ ఇతర సరకులకు మోసము మాత్రమే, దీనికి గాయము.

2023వ సంవత్సరమును, మన దేశపు ప్రతిపాదనపై, ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా పాటించెను. చిరుధాన్యములకు గిరాకి కావలెనని మన మందఱమును కోరుచున్నాము. శుద్ధమైన జొన్నపిండికై వెదకు రోగి మన ధాన్యమునకు జీవితాంతము విడువని కొనుగోలుదారు. అతనికి మన మమ్మునది పిండి మాత్రమే గాదు, నమ్మకము గూడ.

మొదట చెప్పిన బిడ్డను మరల తలచుకొనుడు. వ్యాధి తెలిసినది, రొట్టె మానినది, శుద్ధమైన రాగి అంబలియు, పప్పన్నమును మొదలైనవి. కొన్ని వారములకు విరేచనములు కట్టును. కొన్ని నెలలకు పోయిన యేటి చొక్కాలు పొట్టివగును. ఆ చొక్కాలు పొట్టివగుటలో ఒక రైతు శుద్ధముగా తూర్పారబట్టిన గింజయు, ఒక సంఘము వేఱుగా నుంచిన సంచియు పాలుగొన్నచో, మన సహకారమున కంతకుమించిన లాభమేమి కావలెను?